డ్రాపుల సిలారు

సిలారు పేకాటలో బాపయ్య దగ్గరున్నదంతా ఊడ్చుకుని ఆ మనిషి చావుకి కారకుడయ్యాడని మా బజారులో ఆరేళ్లుగా ఒక మాట నడుస్తోంది. ఆ మాట తప్పు. తప్పని చెప్పాల్సింది నేనే, ఎందుకంటే దాన్ని మొదట అన్నది నేనే.

సత్తెనపల్లిలో పాత జిన్నింగు మిల్లు వెనక బజారులో మొదటి ఇల్లు మాది. మార్కెట్ యార్డుకు వెళ్లేవాళ్లయినా, వచ్చేవాళ్లయినా మా అరుగు ముందు నుంచే నడవాలి. ఎవరి సంచిలో ఏముంది, ఎవరి కోడలు ఎందుకు ముభావంగా ఉంది, ఎవరి గేదె పాలు తగ్గించింది, అడగందే నాకు పొద్దు గడవదు. ఐదో తరగతితో నా చదువు ఆపించారు గానీ నేను అడగడాన్ని మా ఆయన కూడా ఆపించలేకపోయాడు. సుబ్బరావమ్మ అరుగు దాటడమంటే చెక్‌పోస్టు దాటడమేనని నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

మా ఇంటికి నాలుగో ఇల్లు సిలారుది. తాటాకు ఇల్లు. భార్య మాబూబీ జాకెట్లు కుడుతుంది. సిలారు అప్పట్లో యార్డులో లక్ష్మీకాంత్ అనే కమీషను షావుకారు కొట్లో కాటా మనిషి. పత్తి తొక్కిన గోనె, బోరెం అంటాం, కాటా మీదకు ఎక్కించగానే దండె పైకీ కిందకీ ఊగుతుంది. తొందర మనిషైతే అది ఊగుతుండగానే తూకం అరిచేస్తాడు. షావుకారుకు కావాల్సింది కూడా అదే, ఊగే దండె మీద రైతుకి రెండు కిలోలు ఎగిరిపోతాయి కదా. సిలారు మాత్రం చెయ్యి పైకెత్తి, “నిలవనీండి” అనేవాడు. నిలిచాకే అరిచేవాడు. రైతులు దూరం నుంచి బళ్లు తోలుకొచ్చి, “సిలారు కాటా ఖాళీయేనా” అని అడిగేవాళ్లు. రైతులు వాడి కోసం వస్తారు కాబట్టి షావుకారూ ఊరుకునేవాడు.

ఆ నెమ్మదే పేక దగ్గరా ఉండేది. ఆదివారం యార్డుకు సెలవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక సుభానీ టీ కొట్టు వెనక రేకుల షెడ్డులో పట్టా పరిచి పదమూడు ముక్కలాట వేసేవాళ్లు. సిలారు చేతులు కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని, పెళ్లివారింటికి పోతున్నట్టు మా అరుగు ముందు నుంచి పోయేవాడు. ఒకరోజు ఆపి అడిగాను.

“ఏరా సిలారూ, నమాజు చేసే మనిషివి, పేకాడొచ్చా?”

“ఆడకూడదు పిన్నమ్మా.”

“మరి?”

“ఆడకూడదు కాబట్టే భయపడుతూ ఆడతా.”

ఆ భయం ఎలాంటిదో తర్వాత్తర్వాత రాబట్టాను. ఆదివారం ఆదివారం మాబూబీ లెక్కపెట్టి అరవై రూపాయలు చేతికిస్తుంది. అవి చొక్కా జేబులో వేసుకుంటాడు. రొంటిన ఇంకో రూపాయి ఉంచుకోడు. అరవై అయిపోయాయా, దులుపుకుని లేస్తాడు. అరవై మూడొందలైనా సరే, సాయంత్రం మసీదులో అసర్ పిలుపు వినబడితే చేతిలో ఆట ముగించుకుని లేస్తాడు. ఈ మధ్యలో ఇంకో సంగతి ఉంది. ఆటకి కూర్చునేటప్పుడు పక్కన గ్లాసుడు మంచినీళ్లు పెట్టుకుంటాడు, కానీ తాగడు.

“తాగని నీళ్లెందుకురా?”

“నోరు ఎండుద్దేమోనని చూసుకుంటా. నోరు ఎండిందంటే కోపమో ఆశో లోపలికొచ్చినట్టే పిన్నమ్మా. అప్పుడిక ముక్కలు కనబడవు, ఎదుటోడి మొహమే కనబడుద్ది. నీళ్లు తాగాలనిపిస్తే తాగి, ఇంటికొచ్చేస్తా.”

వాడికి డ్రాపుల సిలారు అనే పేరు అక్కడే వచ్చింది. ముక్కలు పంచగానే అవి బాగాలేవనిపిస్తే, ఇరవై పాయింట్లు ఇచ్చుకుని ఆ ఆటలోంచి తప్పుకోవచ్చు. దాన్ని డ్రాప్ అంటారు. తప్పుకోకుండా చివరిదాకా కూర్చుని, ఏమీ కలవకుండానే ఎదుటివాడు తన ఆట అయిందని షో చెప్పేస్తే ఎనభై పడతాయి. అది ఫుల్ కౌంట్. చాలామందికి డ్రాప్ ఇవ్వడం నామోషీ. మగాడు కూర్చున్నాక లేవడమేంటి అనుకుంటారు. సిలారు నాలుగు ఆటల్లో మూడు డ్రాప్ ఇచ్చేవాడు. తప్పనిసరిగా ఓడితే, చేతిలో ముక్కలన్నీ పట్టా మీద పరిచి, ఇది కలిసింది, ఇది కలిసిందని ఒక్కో పాయింటుకీ వాదించి తగ్గించుకునేవాడు. ఏడాది మొత్తం మీద వాడికి పోయింది లేదు, పెద్దగా వచ్చిందీ లేదు. పేకాడే మగాళ్లున్న ఏడెనిమిది ఇళ్లలో, ఆదివారం సాయంత్రం ఏడుపు వినబడని ఇల్లు మాబూబీది ఒక్కటే.

బాపయ్య అందుకు తిరగేసిన మనిషి. బజారు చివర పెంకుటింట్లో ఉండేవాడు. అతనూ సిలారూ ఒకే బళ్లో చదివారు, ఒకే ఏట్లో ఈత నేర్చారు, బావా అంటే బావా అని పిలుచుకునేవాళ్లు. బాపయ్య నవ్వితే వీధి వీధంతా వినబడేది. చేతికి ఎముక లేని మనిషి. కోపమొస్తే కూడా అంతే. పేక దగ్గర పోతున్నకొద్దీ పాయింటు పెంచమనేవాడు.

“డ్రాప్ ఇవ్వు బావా, నీ మొహంలోనే తెలిసిపోతుంది,” అనేవాడట సిలారు.

“డ్రాప్ ఇవ్వడానికి నేనేమన్నా సిలారునా,” అనేవాడట బాపయ్య. అందరూ నవ్వేవాళ్లు. సిలారు కూడా నవ్వేవాడు.

తొంభై ఏడులో బాపయ్య నాలుగెకరాలు కౌలుకు పట్టి పత్తి వేశాడు. ఆ ఏడాది ఈ చుట్టుపక్కల పత్తి వేసిన వాళ్లెవర్నడిగినా చెబుతారు. శనగపచ్చ పురుగు పడింది. వారానికి రెండుసార్లు మందు కొట్టారు. ఒక మందు కొడితే పురుగు చావలేదని రెండు మందులు కలిపి కొట్టారు. బాపయ్య భార్య గురవమ్మ వీపు మీద మందు ట్యాంకు పట్టీలు ఒరుసుకుపోయి రెండు వైపులా పుండ్లు పడ్డాయి. పసుపు రాసింది నేనే. నలభై బోరేలు రావాల్సిన చేలో కాయ పుచ్చిపోయి, ఆఖరి తీత తీసేసరికి మూడు బోరేలు మిగిలాయి. ఫిబ్రవరిలో ఒక శుక్రవారం వాటిని యార్డుకు తోలాడు. కాటా వేసింది సిలారే. మూడు బోరేలకీ కలిపి ఆరు వేలు చేతికొచ్చాయి. ఆ ఆరు వేలు కౌలుకి చాలవు, మందుల కొట్టు బాకీకి అంతకన్నా చాలవు.

ఆ వచ్చిన ఆదివారం నేను చూసింది ఇది.

పొద్దు వాలుతుండగా బాపయ్య మా అరుగు ముందు నుంచి పోయాడు. “ఏం బాపయ్యా, పెందలాడే లేచారే,” అన్నాను. చేతులు ఊపుకుంటూ పోయాడు. కాసేపటికి సిలారు వచ్చాడు. నోట్లు జేబులో లేవు, గుప్పిట్లో ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, గుప్పిటి రెండు వైపులా బయటికొచ్చేంత కట్ట.

“ఏరా, ఇవాళ బాగా తగిలినట్టుందే,” అన్నాను.

నా మొహంలోకి చూసి నడిచిపోయాడు. నా అరుగు ముందు సిలారు మాట్లాడకుండా పోవడం అదే మొదలు.

సోమవారం పొద్దున బాపయ్య చేలోనే పడి ఉన్నాడు. పక్కన మందు డబ్బా ఉంది. గుంటూరు తీసుకెళ్లే దారిలోనే ప్రాణం పోయింది. అంతకన్నా నేను రాయను.

శవం ఇంకా ఇంటికి రాకముందే, కుళాయి దగ్గర బిందె పెట్టి నేను అన్నాను: “నిన్న సాయంత్రం బాపయ్య ఉత్త చేతులతో పోవడం నా కళ్లతో చూశా. వెనకాలే సిలారు నోట్ల కట్టతో వచ్చాడు.” ఆ రెండూ నేను చూసినవే, అబద్ధం ఒక్కటీ లేదు. కానీ రెండూ కలిపి చెప్పాను. కుళాయి దగ్గర నలుగురు ఆడవాళ్లున్నారు. మధ్యాహ్నానికి ఆ మాట యార్డుకు చేరింది. సాయంత్రానికి, సిలారు గెలిచి లేచిపోతుంటే బాపయ్య కాళ్లు పట్టుకుని ఇంకో ఆట ఆడమని బతిమాలాడనీ, సిలారు తన్ని వచ్చాడనీ అయింది. ఆ తన్నడం నేను అనలేదు. అయినా నాదే.

పన్నెండో రోజున నేను గురవమ్మ పక్కన కూర్చుని ఉండగా సిలారు వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, ఒక కాగితం పొట్లం లోపలికి పెట్టాడు.

“ఏంటది?” అంది గురవమ్మ.

“కాటాలో తేడా వచ్చిందమ్మా,” అన్నాడు. “మొన్న మీ పత్తి తూకంలో తప్పు పోయింది. బావకి రావాల్సిన డబ్బు.”

పొట్లం విప్పితే ఆరు వేలు. మూడు బోరేల ఖరీదు ఎంతో, తేడా కూడా అంతే వచ్చిందంటున్నాడు. పిల్లాడికి చెప్పినా నమ్మడు. గురవమ్మ నోట్లు తీసి కొంగున కట్టుకుంది. సిలారు వెళ్లిపోయాడు.

ఈసారి నేను కుళాయి దాకా పోనవసరం లేకపోయింది. అక్కడ నాతోపాటు ఇంకో ముగ్గురు విన్నారు. పేకలో ఊడ్చాడు, అది చాలక కాటాలో కూడా మోసం చేశాడు, ఇప్పుడు భయమేసి తిరిగిచ్చాడు అన్నారు. మర్నాడు యార్డులో రైతులు వాడి కాటా దగ్గర బోరేలు దించలేదు. నాలుగు రోజులు చూసి లక్ష్మీకాంత్ పిలిచాడు. ఆ మాటలు ఆయన గుమాస్తా నాకు చెప్పాడు.

“నువ్వు తప్పు తూచావో లేదో నాకు తెలుసు సిలారూ. కానీ తప్పు తూచానని నీ నోటితోనే అన్నావు. ఇక నీ తూకం ఎవరు ఒప్పుకుంటారు?”

పదమూడేళ్లు పట్టుకున్న కాటా అలా పోయింది. సిలారు కోల్డ్ స్టోరేజీలో హమాలీగా చేరాడు. మిరపకాయ టిక్కీలు, అంటే బస్తాలు, వీపున వేసుకుని మెట్లెక్కే పని. వాడి వయసుకి అది కొత్తగా మొదలెట్టే పని కాదు. ఏడాది తిరిగేసరికి దగ్గు పట్టుకుంది. మళ్లీ సుభానీ కొట్టు వైపు పోలేదు, పేక ముట్టలేదు. అసలు ఆ కొట్టే లేదు. బాపయ్య పోయిన నెల్లోనే సుభానీ సామాను సర్దుకుని, పోలీసుల గొడవ వస్తుందని పొదిలిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు.

ఒక సంగతి నా కళ్లెదురుగానే ఉండి కూడా నేను అడగలేదు. ఆ ఏడాది మాబూబీ ఇంటి మీద తాటాకు తీసేసి రేకులు వేయించుకోవాలనుకుంది. జాకెట్ల డబ్బు మూడేళ్లు దాచింది, రేకులకి బేరం కూడా ఆడింది. ఎండాకాలం పోయి వానలొచ్చాయి, రేకులు రాలేదు. చిరిగిన తాటాకు మీద నల్ల పట్టా కప్పి, నాలుగు వైపులా రాళ్లు పెట్టారు. పేకలో కట్టలు కట్టలు గెలిచినవాడి ఇంటి మీద పట్టా ఎందుకుందని నాకు తోచలేదు. దాచుకున్నాడులే అనుకున్నాను. బజారులో ప్రతిదీ అడిగేదాన్ని, అది అడగలేదు.

ఆరేళ్లు గడిచాయి. రెండు వేల నాలుగు వేసవిలో మా చెల్లెలి మనవరాలికి చెవులు కుట్టిస్తుంటే పొదిలి వెళ్లాను. తిరుగు బస్సు కోసం బస్టాండులో కూర్చుంటే, ఎదురుగా టీ బండి. గెడ్డం నెరిసింది గానీ గిన్నెలో గరిటె తిప్పే తీరు చూసి గుర్తుపట్టాను.

“ఏం సుభానీ, నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నావు?”

“నిన్ను చూస్తే చాలు, ప్రశ్నలొస్తాయని తెలుసక్కా,” అన్నాడు. “టీ తాగు. డబ్బులొద్దు. ప్రశ్నలు కూడా వద్దు.”

“మా బస్సు ఐదింటికి. అప్పటిదాకా నేనేం చెయ్యాలి మరి?”

ఒక బస్సు వదులుకున్నాను. ఇంకోటి కూడా వదులుకున్నాను. మూడో టీకి సుభానీ స్టవ్ తగ్గించి వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు.

“సిలారు నా చేత ఒట్టు వేయించుకున్నాడక్కా. బావ పరువు పోతుంది, ఎవరికీ చెప్పొద్దన్నాడు. వాడెలా ఉన్నాడు ఇప్పుడు?”

“టిక్కీలు మోస్తున్నాడు. దగ్గుతున్నాడు.”

“కాటా?”

“ఎప్పుడో పోయింది. బాపయ్యని వాడే ముంచాడని ఊరంతా అంటుంటే కాటా ఎవరిస్తారు?”

“ఎవడక్కా ఆ మాట పుట్టించింది? వాడి నోట్లో మన్ను పొయ్య.”

నేను టీ గ్లాసు కింద పెట్టాను. తర్వాత సుభానీ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

ఆ ఆదివారం పర్చూరు వైపు నుంచి ఇద్దరు పొగాకు బేరగాళ్లు వచ్చారు. పాయింటు ఐదు రూపాయలకి పెంచారు. అంటే ఒక్క ఫుల్ కౌంట్‌కి నాలుగు వందలు. మిగతా బజారువాళ్లు జడిసి లేచిపోయారు. సిలారు తన అరవై రూపాయలతో అంత ఆటకు కూర్చోలేక గోడకానుకుని చూస్తూ ఉన్నాడు. బాపయ్య రొంటిన ఆరు వేలున్నాయనీ, ఆ డబ్బు దేనిదో కూడా వాడికి తెలుసు. తూచింది వాడే కదా. రెండు మూడు సార్లు, “లే బావా, ఇంటికి పోదాం,” అన్నాడు. బాపయ్య లేవలేదు, ఒక్క డ్రాపూ ఇవ్వలేదు. నాలుగింటి బస్సుకి ఆ బేరగాళ్లు లేచేసరికి బాపయ్యకి మూడు వేల రెండొందలు పోయాయి. మిగిలిన నోట్లు పట్టా మీద పెట్టుకుని, ఖాళీ చోటు చూస్తూ కూర్చున్నాడు.

“నువ్వు కూర్చో బావా,” అన్నాడు సిలారుతో. “పోయింది పోయినట్టు ఇంటికి పోలేను. నువ్వు కూర్చో.”

“నా దగ్గర అరవై ఉన్నాయి బావా.”

“అయితే నేను నర్సరావుపేట పోతా. అక్కడ క్లబ్బులో కూర్చునేవాళ్లు దొరుకుతారు.”

సిలారు లేచి వెళ్లాడు. పది నిమిషాల్లో తిరిగొచ్చాడు. రొంటిలోంచి కట్ట తీసి పట్టా మీద పెట్టాడు. అవి మాబూబీ రేకుల డబ్బు. తన జీవితంలో రొంటిన డబ్బు పెట్టుకుని పేకకు కూర్చోవడం అదే మొదలు.

“గ్లాసుడు నీళ్లు పెట్టానక్కా,” అన్నాడు సుభానీ. “కూర్చోగానే తాగేశాడు. మళ్లీ పోశా. అదీ తాగేశాడు. అసర్ పిలుపు వచ్చింది, లేవలేదు. ఎనిమిది ఆటలు వేశారు. ఎనిమిదీ బాపయ్యే గెలిచాడు. ఎనిమిదింట్లో సిలారు ఒక్కటంటే ఒక్క డ్రాప్ ఇవ్వలేదు.”

ఒక్కొక్క ఆటకీ నాలుగు వందలు. బాపయ్య షో చెప్పగానే సిలారు తన ముక్కలు బోర్లా పడేసి, “ఫుల్ కౌంట్ బావా,” అని డబ్బు తీసి ఇచ్చేవాడు. బాపయ్యకి నవ్వొచ్చింది. మొగ్గలేసిన చెట్టులా అయ్యాడట మనిషి. “సుభానీ, రెండు టీలు పెట్టరా, మా బావకి ఇవాళ గ్రహాలు తిరగబడ్డాయి,” అన్నాడట. ఎనిమిదో ఆటకి పోయిందంతా తిరిగొచ్చి మళ్లీ ఆరు వేలయ్యాయి. “ఇక చాలు,” అన్నాడు బాపయ్యే. ఆ మాట అతని నోట రావడం సుభానీ ఎప్పుడూ వినలేదట.

ముక్కలు సర్దుతున్నాడు బాపయ్య. సర్దుతూ ఆగాడు. “నువ్వు పాయింటు పాయింటుకీ తగువాడేవాడివి కదా బావా,” అన్నాడు. “ఇవాళ ఒక్కసారి కూడా ముక్కలు చూపించలేదేంటి?”

సిలారు చెయ్యి అడ్డం పెట్టబోయాడు. ఈలోపే బాపయ్య వాడి ముక్కలు తిరగేశాడు. ఆఠీను నాలుగు, ఐదు, ఆరు, ఏడు. మూడు రాజులు. మూడు తొమ్మిదులు. జోకరుతో కలిసిన ఇంకో మూడు. పదమూడూ కలిసి ఉన్నాయి. బాపయ్య షో చెప్పడానికి చాలా ముందే సిలారు ఆట అయిపోయింది. అయిపోయిన ఆట చేతిలో పట్టుకుని, బాపయ్యకి కావాల్సిన ముక్క వేసే దాకా కూర్చున్నాడు.

“బాపయ్య అరవలేదక్కా,” అన్నాడు సుభానీ. “అరిచి ఉంటే బాగుండేది. ‘ఎన్ని ఆటల నుంచి బావా?’ అని అడిగాడు, చాలా మెల్లిగా. సిలారు తల వంచుకున్నాడు. ‘మొదటి నుంచీనా?’ అన్నాడు బాపయ్య. ‘గంటసేపు నేను గెలిచాననుకున్నా బావా,’ అన్నాడు. అంతే. డబ్బంతా అక్కడే వదిలేసి చేతులు ఊపుకుంటూ వెళ్లిపోయాడు. సిలారు ఆ నోట్లన్నీ ఏరుకుని వెనక పరిగెత్తాడు. ఇంటి దగ్గరా లేడు, ఎటుపోయాడో దొరకలేదంట.”

దొరకలేదు సరే. నేను చూసినప్పుడు వాడు అలా వెతికి వెతికి, నోట్లు జేబులో పెట్టుకోవాలని కూడా తోచక తిరిగొస్తున్నాడు. నేనేమన్నాను? బాగా తగిలినట్టుందే అన్నాను.

సత్తెనపల్లి వచ్చాక మొదట మాబూబీ దగ్గరికి వెళ్లాను. మిషను దగ్గర కూర్చుని ఉంది. అంతా తెలిసింది అన్నాను. మిషను ఆపలేదు.

“నీకు తెలిసి ఇన్నేళ్లూ నోరెత్తలేదేంటే? నువ్వైనా చెప్పొచ్చుగా.”

“ఎవరికి చెప్పమంటావు పిన్నమ్మా?” అంది. “ఈ బజారులో ఏ మాటైనా నీకు చెబితే అందరికీ చెప్పినట్టే. ఆ మాట అంటున్నది నువ్వే కదా.”

లక్ష్మీకాంత్ కొట్టుకి వెళ్లాను. ఆయన పద్ధతిగా కూర్చోబెట్టి, మొదటినుంచీ చివరిదాకా విన్నాడు. “పాపం,” అన్నాడు. తర్వాత వేలు చూపించాడు. వసారాలో దండె కాటా మూలకి పడి ఉంది. దాని చోట కరెంటు కాటా, ఎర్రగా అంకెలు వెలుగుతున్నాయి. “బటను నొక్కితే వస్తుంది సుబ్బరావమ్మ గారూ. దీనికి మనిషి అక్కర్లేదు,” అన్నాడు. నేను మోసుకెళ్లిన నిజం ఆరేళ్లు ఆలస్యంగా వెళ్లింది.

ఆఖరికి గురవమ్మ దగ్గరికి వెళ్లాను. కళ్లం అంచున నలుగురు ఆడవాళ్లతో కలిసి మిరపకాయల తొడిమెలు తీస్తోంది. ఘాటుకి ముక్కుకి కొంగు కట్టుకుంది. కాస్త దూరంగా పిలిచి చెప్పాను. వింటూ కూడా ఒళ్లో పోసుకున్న కాయలు తుంచుతూనే ఉంది.

“కాటా తేడా అబద్ధమని నాకు ఆ రోజే తెలుసత్తా,” అంది. “ఆ మూడు బోరేలు తొక్కింది నేను, ఎత్తింది నేను. తూకంలో ఏ తప్పూ లేదు. పేకలో గెల్చుకున్న డబ్బు, పాపభయంతో తెచ్చి పడేశాడనుకున్నా. పిల్లల ఫీజులుండి తీసుకున్నా. తీసుకుంటూ మనసులో తిట్టుకున్నా. ఇన్నేళ్లూ తిట్టుకుంటూనే ఉన్నా.”

“నేనూ తప్పే చేశానమ్మా.”

“నువ్వనకపోతే ఇంకోరు అనేవాళ్లు. అది కాదు.” కాయలు ఒళ్లోంచి గంపలోకి దులిపింది. “ఆయన ఆ రోజు రాత్రి బాగా పొద్దుపోయాక ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. డబ్బేది అంటే, బావ దగ్గరుంది, భద్రంగా ఉంది అన్నాడు. నేను ఇన్నాళ్లూ దాన్ని ఎత్తిపొడుపు అనుకున్నా.” కొంగు విప్పి మొహం తుడుచుకుంది, కారం చేతులతోనే. “వెళ్లి అడుగత్తా నువ్వు. నీకు అడగడం అలవాటేగా. సిలారు అంత నేర్పరి కదా, అందరి మొహాలూ చదివేవాడు కదా. ఏడు ఆటలు దాచినవాడు ఎనిమిదో ఆట ముక్కలు ఎందుకు కనబడనిచ్చాడో అడుగు. ఆ ఒక్క ఆట దాచి ఉంటే నా మనిషి గెలిచాననుకునే నిద్రపోయేవాడు.”

మర్నాడు శుక్రవారం. కోల్డ్ స్టోరేజీలో మధ్యాహ్నం పని ఆపుతారు. సిలారు జుమ్మా నమాజుకి వెళ్లొచ్చి, పట్టా కప్పిన వసారాలో కూర్చుని ఉన్నాడు. చొక్కా లేదు. రెండు భుజాల మీదా టిక్కీల తాళ్లు ఒరుసుకున్న నల్ల చారలు. గురవమ్మ వీపు మీద అప్పుడు నేను పసుపు రాసినవి కూడా అలాగే ఉండేవి. నన్ను చూసి పీట జరిపాడు. ఆరేళ్ల తర్వాత వాళ్ల వసారాలో కూర్చున్నాను.

“పొదిలిలో సుభానీ కనబడ్డాడురా.”

“ఒట్టు తప్పాడన్నమాట,” అన్నాడు. కోపం లేదు.

“కుళాయి దగ్గర ఆ మాట అన్నది నేనేరా.”

“తెలుసు పిన్నమ్మా.”

“తెలిసీ ఇన్నాళ్లూ ఊరుకున్నావా?”

“నువ్వు చూసింది నువ్వు చెప్పావు. దండె నిలవకుండానే అరిచావు, అంతే.”

లోపల మాబూబీ మిషను ఆగింది. పక్కనే చెంబు ఉంటే ఎత్తి నీళ్లు తాగాను. వాడు నేను తాగడం చూస్తూ ఉన్నాడు.

“గురవమ్మ అడగమంది,” అన్నాను. “నాకోసం కూడా అడుగుతున్నా. నీ అంత ఆటగాడు ఈ చుట్టుపక్కల లేడంటారు. ఏడు ఆటలు దాచావు. ఆ చివరి ఆట ఎలా దొరికిపోయావురా?”

సిలారు తన రెండు అరచేతులూ చూసుకున్నాడు, ముక్కలు పట్టుకున్నట్టు. తర్వాత అన్నాడు:

“డ్రాప్ ఇవ్వడం వచ్చు, లేచిపోవడం వచ్చు, గెలవడం కూడా వచ్చు పిన్నమ్మా. ఓడిపోవడం ఎప్పుడూ నేర్చుకోలేదు. నిజంగా ఫుల్ కౌంట్ ఓడేవాడు ఎలా ఏడుస్తాడో నాకు తెలిసుంటే, బావకి అనుమానం వచ్చేది కాదు.”